తెలుగున ప్రకటన, ఇంగ్లీషున నిజము

(పట్టణ పఠనమందిరమున ఆదివారము సాయంకాలము చేసిన యుపన్యాసము)



ఈ సాయంకాలమున మమ్ము మాటలాడుమని కోరుచు, మందిర కార్యదర్శిగారు "ఆహారవ్యాపారమున నీతి" యను శీర్షికను తామే నిర్ణయించి పంపిరి. శీర్షిక మిక్కిలి గంభీరముగా నున్నది. మేము వృత్తిచే న్యాయవాదులము. నీతినిగూర్చి ఉపన్యసించుటకు న్యాయవాది యెంతవరకు తగినవాడో యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహము అకారణమైనది కాదని మేమే కొంతసేపటికి ఒప్పుకొనబోవుచున్నాము. కావున నీతిశాస్త్రమును పక్కకు పెట్టి, అంగడిలో దొరకు పొట్లముమీది అక్షరములనుగూర్చి మాటలాడుదుము. అక్షరములు చదువుట మాకు జీవనము. ఈ మందిరమునకు వచ్చు మీకును అది నిత్యపు అలవాటే.

2024 వేసవిలో ఒకనాడు మా గుమాస్తాగారు కచేరీవేళకు రాలేదు. పదకొండు గంటలకు వచ్చి, ముఖము వాడి, గోడనానుకొని నిలుచుండిరి. ఏమని యడుగగా, "మనుమరాలికి రాత్రినుంచీ విరేచనాలండీ అయ్యా. మందులకొట్టులో ఓ.ఆర్.ఎస్. అడిగి తెచ్చి పట్టిస్తూనే ఉన్నాం. ఎంత పట్టినా తగ్గడం లేదు, ఇంకా ఎక్కువవుతున్నది" అనిరి. అటువంటిదే మరియొకటి కొనవలెనని ఖాళీ డబ్బాను సంచిలో పెట్టుకొని తెచ్చిరి. మేము దానిని తీసికొని చూచితిమి. ముందు వైపున పండ్లబొమ్మ, పెద్ద అక్షరములతో ఓ, ఆర్, ఎస్ అను మూడు అక్షరములును, వాని తోకగా ఇంకొక అక్షరమును. ఒక మూలను, చీమతలలవంటి ఇంగ్లీషు అక్షరములతో, ఇది ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్. కాదను వాక్యము.

మా గుమాస్తాగారు ముప్పది యేండ్లుగా దస్తావేజులు వ్రాయుచున్నవారు. వారి తెలుగు చేవ్రాత ముత్యములకోవ. ఇంగ్లీషు వారికి సంతకమువరకే. మేము ఆ వాక్యమును తెలుగున చెప్పితిమి. వారు డబ్బాను అటునిటు త్రిప్పి, "అయితే ఇది అది కాదాండీ?" అనిరి. ఆ ప్రశ్నకు మావద్ద అప్పుడు జవాబు లేకపోయెను. పిల్లను ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి చేర్చిరి. రెండు దినములు సెలైను ఎక్కించిన పిమ్మట తేరుకొన్నది. ఇప్పుడు బడికి పోవుచున్నది.

ఆ మూడు అక్షరముల విలువ ఎట్టిదో తెలిసికొనవలెనన్న, 1971వ సంవత్సరమునకు పోవలెను. బంగ్లాదేశపు యుద్ధకాలమున లక్షలకొలది జనులు సరిహద్దు దాటి వచ్చి పశ్చిమ వంగమున బనగావ్ వంటి శిబిరములలో తలదాచుకొనిరి. కలరా వ్యాపించెను. సెలైను సీసాలు చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పును గ్లూకోజును తగు పాళ్లలో నీట కలిపి, తల్లులచేతను బంధువులచేతను రోగులకు త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు నాలుగింటికి లోబడినవి. అంతటి మందునకు మర్మము కొలతయందే యున్నది. ప్రేగుగోడ ఉప్పును గ్లూకోజును జంటగా లోనికి తీసికొనును, వానివెంట నీరు లోనికి పోవును. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పు కొలత ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేటు 2.9, పొటాషియం క్లోరైడు 1.5, వెరసి 20.5 గ్రాములు. చక్కెర మితిమీరెనా, వ్యవహారము తలక్రిందులగును. అది శరీరములోని నీటినే ప్రేగులోనికి లాగుకొనును, విరేచనము హెచ్చును. రుచికొరకు చేసిన తీపిపానీయములలో చక్కెర ఈ కొలతకు ఎన్నో రెట్లుండునని పిల్లల వైద్యులు మొత్తుకొనుచు వచ్చిరి. అనగా ప్రాణము నిలుపు మందు పేరు పెట్టుకొని, దానికి విరుద్ధముగా పనిచేయు సరుకు అదే అరలో నిలిచినదన్న మాట.

ఈ అన్యాయమునుగూర్చి హైదరాబాదున పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఇంచుమించు ఎనిమిదేండ్లు పోరాడిరి. అధికారులకు వ్రాసిరి, తెలంగాణ ఉన్నతన్యాయస్థానము నాశ్రయించిరి, తల్లులకు చెప్పుచునే యుండిరి. 2022 ఏప్రిలులో భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ, ఈ పానీయములమీద ఆ పేరు వాడరాదని చెప్పెను. సుమారు మూడు నెలలకే, జూలై 14న, పేరునకు ముందో వెనుకనో మరియొక మాట చేర్చి వాడుకొనవచ్చుననియు, 'ఇది ఆ మందు కాదు' అను వాక్యమును అచ్చువేసిన చాలుననియు సడలించెను. మూడేండ్లకు పైగా ఆ సడలింపే చెల్లెను. 2025 అక్టోబరు 14న దానిని రద్దుచేసిరి. కొందరు వర్తకులు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున కెక్కిరి. నిలువ సరుకు సంగతిలో ఒకరికి మొదట కొంత ఊరట లభించినను, అక్టోబరు 31న మరియొకరి పిటిషనును ఆ న్యాయస్థానము ప్రజారోగ్య కారణమున నిరాకరించెను.

మేము ఈ చరిత్రనంతయు చెప్పుట ఆ వైద్యురాలిని ప్రశంసించుటకు మాత్రమే కాదు. ఆ ప్రశంస ఆమెకు తగినదే. మా దృష్టి ఆ మధ్యనుండిన మూడేండ్లమీద నున్నది. ఆ మూడేండ్లును ఏ వాక్యము చాలునని చట్టము తలచినదో, ఆ వాక్యము ఎవరికొరకు? మందులకొట్టు ముందు నిలుచుండి, చంకను వాడిపోయిన బిడ్డతో, చిల్లర లెక్కపెట్టుకొనుచున్న తల్లికొరకు గదా! ఆమెకు ఆ వాక్యము చేరినదా?

ఇచ్చట మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. గుమాస్తాగారు ఆ డబ్బా తెచ్చుటకు కొన్ని యేండ్ల ముందు, మేము ఒక వర్తకుని పక్షమున ఇటువంటి అభియోగముననే వాదించితిమి. అది వేరు సరుకు. కొన్న మనిషి, తాను మోసపోతిననియు, పొట్లముమీద నిజము తనకు తెలియునట్లు లేదనియు ఫిర్యాదుచేసెను. మేము లేచి, కావలసిన వివరములన్నియు పొట్లము వెనుక ఇంగ్లీషున స్పష్టముగా నున్నవనియు, చట్టము అంతకుమించి కోరలేదనియు వాదించి గెలిచితిమి. మా వాదము చట్టప్రకారము నిర్దుష్టము. ఫీజు పుచ్చుకొని ఇంటికి పోయి సుఖముగా నిదురించితిమి. గుమాస్తాగారు "అయితే ఇది అది కాదాండీ" అని యడిగిననాడు మాకు గుర్తునకు వచ్చినది ఆ గెలిచిన వ్యాజ్యమే.

చట్టమేమని చెప్పుచున్నదో వినుడు. 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము క్రింద ఏర్పడిన నియమములప్రకారము, పొట్లముమీద నుండవలసిన వివరములు ఇంగ్లీషుననైనను, దేవనాగరి లిపిలో హిందీననైనను ఉండవలెను. మరియే భాషయందైనను అదనముగా వేసికొనవచ్చును. వేయవలెనను నిర్బంధము లేదు. తూనికలు కొలతల శాఖవారి 2011 నియమములును ఇదే తీరు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇందరి భాష పొట్లముమీదికి రావలెనన్న, అది వర్తకుని దయ.

ఐరోపా దేశములలో ఇట్లు లేదు. వారి 2011 నాటి 1169వ సంఖ్యగల నియమము, సరుకు ఏ దేశమున అమ్ముడగునో ఆ దేశపు కొనుగోలుదారులకు సులభముగా తెలియు భాషలో వివరములుండవలెనని చెప్పుచున్నది. ఫిన్లాండు జనసంఖ్య 60 లక్షలైనను లేదు. అచ్చటి తల్లి తన బిడ్డ త్రాగు దానిలో చక్కెర ఎంతయో తన భాషలో చదువుకొనును. మన జిల్లాలు కొన్ని కలిసిన అంతటి జనము సమకూరును.

"ఇన్ని భాషలలో అచ్చువేయుట వ్యయము, పొట్లముమీద చోటు చాలదు" అని వర్తకులందురు. ఈ వాదమును మేము వెంటనే త్రోసిపుచ్చుట లేదు. చిన్న వ్యాపారికి, ఇంటిలో పచ్చళ్లుపెట్టి అమ్ము ఇల్లాలికి అది నిజమైన భారమే. వారి సంగతి వేరుగా చూడవచ్చును. కాని పెద్ద కంపెనీలవారు ఈ మాట పలుకునప్పుడు, దయచేసి ఈ మందిరము కిటికీలోనుండి ఎదుటి గోడను చూడుడు. అంత పెద్ద తెలుగు అక్షరములను వ్రాయించుటకు వారికి వ్యయము కాలేదా? టెలివిజనులో తెలుగు పాటలు కట్టించుటకు, తెలుగు సినిమా నటులను పిలిపించుటకు, సంక్రాంతికి గొబ్బెమ్మలు, ఉగాదికి వేపపూత చూపుటకు వారికి భాష అడ్డురాలేదే! ఆశపెట్టుటకు తెలుగు కావలెను. హెచ్చరించుటకు ఇంగ్లీషు చాలును. సొమ్ము పుచ్చుకొనువరకు మన మేనమామవలె పలుకరించి, రసీదు వెనుక పరదేశివలె మాటలాడు ఈ తీరును మేము అవినీతి యనుచున్నాము. ఇతరమైన నీతి నిర్వచనము మావద్ద లేదు.

మాటలు ప్రాణము తీయగలవను సంగతిని ప్రపంచము ఇదివరకే ఒకసారి నేర్చుకొన్నది. పాలపొడి కంపెనీలు బీదదేశముల తల్లులకు డబ్బాపాలు మరగించినప్పుడు, శుద్ధమైన నీరు లేక, పొడిని పలుచగా కలిపి పట్టి, ఎందరో పసివారు రోగములపాలైరి. 1974లో ఇంగ్లండున ఒక చిన్న పుస్తకము ఈ సంగతిని బయటపెట్టినది. 1977 జూలై 4న అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కారము మొదలైనది. బహిష్కారమను మాటకు మన దేశమున వేరుగా వ్యాఖ్యానము అక్కరలేదు. 1981 మేలో ప్రపంచ ఆరోగ్యసభ 118 సమ్మతులతో ఒక నియమావళి నంగీకరించెను. వ్యతిరేకముగా చేయి యెత్తినది అమెరికా యొక్కటియే. మన పార్లమెంటు 1992లో చట్టము చేసి, 2003లో దానిని మరింత బిగించినది. ఆ చట్టము పాలడబ్బామీద బిడ్డ బొమ్మగాని తల్లి బొమ్మగాని వేయరాదన్నది. 'హ్యూమనైజ్డ్', 'మెటర్నలైజ్డ్' అను పదములు వాడరాదని పేరుపెట్టి నిషేధించినది. తల్లిపాలతో సమానమని స్ఫురింపజేయు మాటయే నేరమైనది. చట్టము తలచుకొన్న, ఒక విశేషణమును కూడ పట్టి బోనులో నిలువబెట్టగలదని దీనివలన తెలియుచున్నది. అట్టి చట్టమును చేసిన దేశమే ఓ.ఆర్.ఎస్. విషయమున మూడేండ్లు తడబడుట విచిత్రము.

ఆరోగ్యపానీయముల సంగతి త్వరగా చెప్పి ముందునకు పోవుదుము. 2006 చట్టమున 'ఆరోగ్యపానీయము' అను వర్గమే లేదు. ఐనను పాలలో కలుపు తీపిపొడులను ఆ పేరుతో దశాబ్దములు అమ్మిరి. 2024 ఏప్రిలులో వాణిజ్యశాఖవారు అంతర్జాలపు అంగళ్లను ఆ శీర్షికక్రిందనుండి వానిని తీసివేయుమనిరి. పొడి మారలేదు, పేరు మాత్రము పోయినది. మన ఇండ్లలో పిల్లలు ఆ పొడిని నేటికిని ఆరోగ్యమనుకొనియే త్రాగుచున్నారు. ఒకసారి తెలుగున చెవికెక్కిన అబద్ధమును ఇంగ్లీషు ఉత్తరువు దింపలేదు.

ఇక పంటపొలమునకు, అడవికి వత్తము. నేడు 'రాగి', 'జొన్న', 'కొఱ్ఱ' అను మాటలకు అంగడిలో మంచి వెల వచ్చినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మన తాతలు తిన్న సంకటిని మనము మరల గౌరవించుట సంతోషమే. అనంతపురము వంటి వానలేమి సీమలకు ఈ పంటలే తగినవి. వరికి కావలసిన నీటిలో కొద్ది భాగముతో ఇవి పండును. కావున రాగులు కొన్నవాడు తన ఒడలికే కాక, భూగర్భజలమునకు, మెట్టరైతునకు మేలుచేసినవాడగును. ఆ తలంపుతోనే మీరు రాగి బిస్కట్లు కొనుచున్నారు. అట్టి పొట్లమును వెనుకకు త్రిప్పుడు. దినుసుల పట్టికను బరువునుబట్టి, ఎక్కువ దానిని ముందు వ్రాయవలెనను నియమమున్నది. మొదటి పేరేది? గోధుమపిండియో మైదాయో యైనచో, రెండవది చక్కెరయో పామోలినో యైనచో, రాగి ఎన్నవదిగా నున్నదో వేలితో లెక్కపెట్టుడు. గొప్పగా పేరు చాటుకొన్న దినుసు నూటికెన్ని పాళ్లున్నదో వ్రాయవలెనను నియమమును కలదు. ఆ అంకె స్వల్పమైనచో, మీరు రాగి వెల ఇచ్చి మైదా కొన్నారు. మీరిచ్చిన హెచ్చు సొమ్ము మెట్టపొలమునకు పోలేదు. రైతు పేరుమీద వసూలుచేసిన చందా రైతునకు చేరలేదన్న మాట. చందాల లెక్కలు చూచిన కార్యకర్తలముగనుక ఈ పోలిక మాకు తట్టినది.

పామోలిను సంగతి చెప్పితిమి గనుక ఒక మాట. మన దేశమున వాడు పామాయిలులో అధికభాగము ఇండొనీసియా, మలేసియాలనుండి వచ్చుచున్నది. సుమత్రా, బోర్నియో ద్వీపములలో మహారణ్యములను నరికి ఆ తోటలు వేసిరి. 2021లో మన ప్రభుత్వము 11,040 కోట్ల రూపాయలతో స్వదేశమున ఆ పంటను పెంచు పథకము చేపట్టినది. ఏలూరు, ఖమ్మము ప్రాంతములలో ఇదివరకే ఈ తోటలు కలవు. స్వదేశీయమన్నంతమాత్రమున మేము కన్నులు మూసికొనము. అది నీటిని బాగుగా త్రాగు పంట. రైతును నిందించుటయు మా యుద్దేశము కాదు, కౌలు తీరవలెను గదా. మేము కోరునది ఒకటే. కొనువానికి తాను తినుచున్న నూనె యేదో తెలియవలెను. ఆపైన కొనుటయు మానుటయు అతని ఇష్టము.

2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ సంస్థవారు, 'హరితము', 'ప్రకృతిహితము' వంటి మాటలను ఆధారము చూపక ప్రకటనలలో వాడరాదని మార్గదర్శకములు వెలువరించిరి. మంచిదే. ఐతే ఆధారములు చూపు పత్రములు ఏ భాషలో నుండునో మీరూహింపగలరు. ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసిన పొట్లము, తాను మాత్రము ప్లాస్టికు పొరలు కలిసిన రేకుతో చేయబడి, మన మురుగుకాలువలో ఏండ్లతరబడి పడియుండును. చెత్త ఏరుకొను పిల్లలు సీసాను తీసికొందురు, ఆ రేకును ముట్టరు. కిలో లెక్కను దానిని కొనువాడు లేడు. హరితమన్న మాటకు వారికన్న మంచి పరీక్షాధికారి లేడని మేమెరుగుదుము.

తెలుగున అచ్చువేసినంతనే అన్నియు చక్కబడునని మేము చెప్పుట లేదు. చదువురానివారు మనలో నెందరో యున్నారు. మన ఊరి గానుగనూనెలో కలితీ లేదా? పేరే లేని పొట్లములలో అమ్ము మిఠాయి సంగతి ఎవరెరుగుదురు? చట్టమున తప్పుడు ప్రకటనకు 10 లక్షల రూపాయలవరకు దండనమున్నది. చిన్న అంగడివానికి అది ఉరి, పెద్ద కంపెనీకి ఒక నటుని గంటసేపటి కూలియైనను కాదు. ఈ లోపములన్నియు నున్నవి. వాని వంతు వచ్చినప్పుడు వానినిగూర్చియు పోరాడుదము. గుమాస్తాగారికి చదువు వచ్చును. వారికి తెలియని భాషలో నిజమును దాచుట మాత్రము నేడే ఆపదగినది, దానికి కావలసినది ఒక నియమములోని ఒక వాక్యపు సవరణ.

అందుకొరకు మేమొక అర్జీ వ్రాసి తెచ్చినాము. రెండు రాష్ట్రప్రభుత్వములును కేంద్రమును కోరవలెనని అందు ప్రార్థించినాము: దినుసుల పట్టిక, చక్కెర ఉప్పుల పరిమాణము, హెచ్చరికలు, గడువు తేదీ, ఈ నాలుగైనను సరుకు అమ్ముడగు రాష్ట్రపు భాషలో నుండవలెను, ప్రకటన ఏ భాషలో చేయుదురో హెచ్చరికయు ఆ భాషలోనే, కంటికి కనబడు పరిమాణమున నుండవలెను. ఇంగ్లీషు ప్రతియు ఒకటి సిద్ధముచేసినాము. ఢిల్లీవారికి అది లేనిదే తెలియదు.

అర్జీ తెలుగు ప్రతిని మా గుమాస్తాగారే తమ చేవ్రాతతో వ్రాసిరి. మొదటి సంతకమును వారిదే. వెనుక వరుసలో కూర్చున్నారు, పేరు చెప్పవలదన్నారు. కాగితము పత్రికల బల్లమీద, దీపము క్రింద నున్నది. సంతకము చేయువారు చదివియే చేయవలెనని మనవి. వచ్చు ఆదివారము వచ్చునప్పుడు ఒక్కొక్కరును మీ యింట వాడిన ఖాళీ పొట్లము నొకదానిని వెంట తెండు. కార్యదర్శిగారు భూతద్దము తెప్పించెదమనినారు. ఇచ్చటనే కూర్చుండి, ఒకరు చదువుచు ఒకరు వ్రాయుచు, వానినన్నిటిని తెలుగున దింపి గోడకు అంటింతము.